మీద 'ఫెయిల్', లోపల పద్యాలు

నేను ఒక సీడీని. యాభైమంది తోబుట్టువులతో ఒకే డబ్బాలో నరసరావుపేట చేరాను. మమ్మల్ని కొన్న వీడియో షాపు మస్తాన్‌వలి మనుషుల్ని ఇట్టే నమ్మేవాడు, సీడీలను మాత్రం నమ్మేవాడు కాదు. ప్రతిదానిలోనూ పాటలో సినిమాలో రాశాక కంప్యూటర్లో పరీక్ష పెట్టి, ఎన్ని తప్పులు పడ్డాయో గ్రాఫులో చూసుకునేవాడు.

ఒకరోజు శేషారత్నం అనే టీచరమ్మ క్యాసెట్ తెచ్చింది. వాళ్ల నాన్న చలమయ్య నాటకాల్లో పద్యాలు పాడేవాడు; ఆయన గొంతు మిగిలింది అందులోనే. కంప్యూటర్లోకి ఎక్కించాడో లేదో, పాత టేపు తెగి ముక్కలైంది. బస్సు టైమైందని ఆమె తొందరపెడితే ఆ పద్యాలను నాలోకి పెద్ద స్పీడులో రాశాడు. పరీక్షలో ఒకచోట గ్రాఫు ఎర్రగా లేచింది. నా మీద మార్కరుతో 'ఫెయిల్' అని రాసి పక్కన పడేసి, ఇంకోదాన్ని నిదానంగా రాశాడు. అది పాసై ఆమె వెంట వెళ్లింది. నాకు ఒళ్లు మండింది. నేనూ పాడతాను కదా!

తర్వాత పన్నెండేళ్లు సొరుగులోనే ఉన్నాను. తొందరపడే గిరాకీలకు నన్ను చూపించి, "ఇదిగో, ఉరుకులాడితే ఇట్టా అవుద్ది" అనేవాడు. పాసైంది ఆమె దగ్గర ఉందిగా అన్న ధీమాతో కంప్యూటర్లోని పద్యాలు ఎప్పుడో చెరిపేశాడు.

మొన్న వేసవిలో శేషారత్నం మళ్లీ వచ్చింది. సీడీ పలకడం లేదట. మస్తాన్‌వలి దాన్ని తిరగేసి చూసి తల పట్టుకున్నాడు. నడిమి చిల్లు పక్కనే బాల్‌పెన్నుతో ఒత్తి ఒత్తి రాసిన 'శ్రీ'.

"పాట ఉండేది ఈ పైపొర కిందే చెల్లెమ్మా! చిల్లు పక్కనే దీని మొదలు. ఆ మొదలే దెబ్బతింటే ఇంకేదీ పలకదు."

"నాన్న గొంతు కదన్నా. శ్రీ రాయకుండా ఎట్టా దాచుకునేది?" ఆమె కళ్లనిండా నీళ్లు.

అప్పుడు గుర్తొచ్చాను నేను. సొరుగు తీసి, నా మీది దుమ్ము ఊది, డ్రైవులో పెట్టాడు. పాడాను. మూడో పద్యం చివరి రాగంలో, గ్రాఫు ఎర్రబడిన చోటే, గొంతు ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆగిన చోట శేషారత్నం అందుకుంది. తనకు తెలియకుండానే, కళ్లు మూసుకుని, రాగం చివరిదాకా పాడింది.

"ఆ ముక్క మైకులో ఇంకోసారి పాడు చెల్లెమ్మా, అతికిస్తా" అన్నాడు మస్తాన్‌వలి.

తండ్రీకూతుళ్ల గొంతులతో కొత్త సీడీ నిదానంగా తయారైంది. పరీక్షలో పాసైంది కూడా. శేషారత్నం బ్యాగులో పెన్ను కోసం వెతకడం చూసి మస్తాన్‌వలి గాభరాగా లేచాడు. మార్కరు తీసి, తానే మెత్తగా 'శ్రీ' రాసిచ్చాడు.