భుజం ఎరగని శాలువా

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే రకం కాదు, సభలో కప్పించుకునే రకం. ఊదారంగు ఒళ్ళు, దూరం నుంచి జరీ అనిపించే అంచు. మరమగ్గం మీద ఒకే పూట నాలాంటివాళ్ళు బోలెడుమంది పుట్టారు కనుక పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

పెరిగింది జ్ఞాపికలూ దండలూ అమ్మే ఒక దుకాణంలో. లోకజ్ఞానం అక్కడే అబ్బింది. నా పక్కనుండే ఆకుపచ్చ శాలువా ఒక పెద్దమనిషి భుజమెక్కి, ఆయన బీరువాలో కొన్నాళ్ళు పడుకుని, ఇంకో సభలో ఇంకో పెద్దమనిషి భుజమెక్కి, తిరిగి తిరిగి అదే దుకాణానికి వచ్చి పడింది. మనుషులు శాలువాని దాచుకునేది వేరే వాళ్ళకి కప్పడానికేనని అది చెబితే నాకు నవ్వొచ్చింది.

నన్ను కొన్నది విశ్వవిద్యాలయంలో తెలుగు పాఠాలు చెప్పే సువర్చల. ఏదో సదస్సు కోసం కొంది. సదస్సు జరగకుండానే కరోనా వచ్చి విశ్వవిద్యాలయం మూతపడింది, నేను ఆవిడ ఇంటికి చేరాను. పాఠాలు ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళిపోయాయి, వాటి వెనకే సభలూ వెళ్ళాయి. ప్రతి శనివారం సాయంత్రం తెలుగు శాఖ ఒక కార్యక్రమం పెట్టేది. ఒక వారం ఉపన్యాసం, ఒక వారం పద్యాలు, ఇంకో వారం జానపదాలు. విద్యార్థులూ, పాత విద్యార్థులూ, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళూ ఎక్కడెక్కడి నుంచో చూసేవారు.

అతిథి ఎదురుగా లేకపోయినా మనవాళ్ళు సర్దుకుంటారు గానీ, సన్మానం లేకపోతే సభ అయినట్టే ఉండదు. అందుకని సువర్చల నన్ను రెండు చేతులా విప్పి కెమెరా ముందు పట్టుకుని, "ఈ శాలువా మీకు కప్పినట్టుగా భావించమని మనవి" అనేది. అటువైపు అతిథి తన గదిలో ఒంటరిగా కూర్చుని వినయంగా మెడ వంచేవాడు. ఒకసారి ఉత్సాహం పట్టలేక ఆవిడ నన్ను ఏకంగా ల్యాప్‌టాప్‌కే కప్పేసింది. "మేడమ్, మీ ఇంట్లో కరెంటు పోయినట్టుంది" అన్నాడు అతిథి.

ఎంతమందిని సన్మానించానో నాకే గుర్తులేదు. పని కాగానే మడత, మళ్ళీ బీరువా. చెమట అంటని బతుకు, హాయిగానే ఉండేది. భుజం అంటే ఎలా ఉంటుందో తెలియని లోటు ఒక్కటే.

అలాంటి ఒక శనివారం హరికథ పెట్టారు. చెప్పేది విజయనగరం దగ్గర ఒక ఊళ్ళో ఉండే పైడమ్మ భాగవతారిణి. అరవై దాటిన మనిషి. ఆ ఏడు ఉత్సవాలు లేవు కనుక ఆవిడకి కథలూ లేవు. కోడలి ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, గజ్జె కట్టి, చిడతలు పట్టి రుక్మిణీ కల్యాణం అందుకుంది. మంచి పట్టులో కథ ఆపి, అందరినీ ఒక్కసారి గోవింద కొట్టమంది. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగింది. చిడతలు ఆగిపోయాయి.

"అమ్మా, ఎవలైనా ఉన్నారేటి? నానొక్కదాన్నే సెప్పుకుంతన్నానా?"

"అందరూ వింటున్నారండీ. గోల లేకుండా మైకులు నేనే ఆపించాను. చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు, చూడండి" అంది సువర్చల.

పైడమ్మ ఫోను మీదకి వంగి ఆ పసుపుపచ్చ చేతుల బొమ్మల్ని చూసింది. కథ పూర్తి చేసింది గానీ గొంతులో ముందటి ఊపు లేదు. ఆ తర్వాత నా వంతు వచ్చింది. సువర్చల నన్ను విప్పి, "కప్పినట్టుగా..." అంటూండగానే ఆవిడ అందుకుంది.

"ఏటీ అనుకోకండమ్మా. పోయిన శనివారం నానూ సూసేను, ఆ ఢిల్లీ ప్రొఫెసరు గారికి సూపించింది ఈ శాలువాయే కదా?"

సువర్చల ముఖం ఎర్రబడింది. "అవునండీ" అంది.

"సప్పట్లు బొమ్మలైతే అయినాయి. శాలువా అయినా నిజంది ఇప్పించండి. ముసిల్దానికి మతి పోనాది, ఫోనుకి కతలు సెప్పుకుంతందని మా ఈదిలో నవ్వుతన్నారు. మా కోడలికీ అదే అనుమానం. యూనివర్సిటీవోళ్ళు పిలిసేరంటే ఎవలూ నమ్మడం నేదు."

ఆవిడ బతిమాలలేదు, తనకి రావలసినదే అడిగింది. ఇదే పంపిస్తానని సువర్చల మాటిచ్చింది. నాకు సిగ్గేసింది. దాంతోపాటే ఆశా పుట్టింది.

మర్నాడు శాఖాధ్యక్షుడు నిత్యానందం గారు ఫోన్ చేశారు. "వచ్చే శనివారం వైస్ ఛాన్సలర్ గారు అతిథి. దుకాణాలు చూస్తే తెరవలేదు. ఉన్న ఒక్క శాలువా పంపేస్తే ఆయనకేం చూపిస్తావమ్మా?"

"నమస్కారం చూపిస్తాను సార్" అంది సువర్చల. ఆ మధ్యాహ్నమే నన్ను పార్సిల్ కట్టింది. ఢిల్లీ ప్రొఫెసరు గారు కూడా తన శాలువా ఎప్పుడు వస్తుందని మెసేజ్ పెట్టారట.

శుక్రవారానికి చేరాను. పైడమ్మ కవరు విప్పి చూసి, మడత విప్పకుండా పక్కన పెట్టింది. తనంతట తాను కప్పుకుంటే అది సన్మానం కాదని ఆవిడ పట్టింపు. శనివారం సభ మొదలయ్యాక సువర్చల, "వైస్ ఛాన్సలర్ గారు అనుమతిస్తే ముందుగా పోయినవారం మిగిలిన పని ఒకటి పూర్తిచేస్తాం. పైడమ్మ గారూ, మీ కోడలిగారిని పిలవండి" అంది.

కోడలు సన్యాసమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. తెర నిండా ముఖాలు. చదువుకున్నవాళ్ళంతా తన అత్తనే చూస్తున్నారు. భయంభయంగా నన్ను విప్పి అత్త భుజాల మీద వేసింది. భుజం అంటే ఇంత వెచ్చగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అప్పుడు సువర్చల అందరినీ మైకులు తెరవమంది. ఆ చిన్న ఫోనులోంచి చప్పట్లూ, ఈలలూ, ఎవరింట్లోదో కుక్క అరుపూ, ఎవరిదో మిక్సీ మోతా కలిసి వీధిలోకి పోయాయి. ఇరుగుపొరుగువాళ్ళు మాస్కులు సర్దుకుంటూ వచ్చి, ఆ గోలేమిటని అడిగారు.

"మా అత్తకి యూనివర్సిటీవోళ్ళు సన్మానం సేత్తన్నారు. ఇనడానికైతే కూకోండి. నవ్వడానికైతే ఎల్లిపోండి" అంది సన్యాసమ్మ.

ఎవరూ వెళ్ళలేదు. అరుగు మీద ఎడంగా కూర్చున్నారు. వైస్ ఛాన్సలర్ గారి ఉపన్యాసం ఆ రోజు చాలా ఆలస్యంగా మొదలైంది.

ఇప్పుడు ఉత్సవాలు మళ్ళీ జరుగుతున్నాయి. కథకి బయల్దేరే ముందు పైడమ్మ పెట్టె తెరిచి నన్ను కోడలి చేతికిస్తుంది. సన్యాసమ్మ కప్పితే గానీ ఆవిడ గుమ్మం దాటదు.