చెరపవద్దన్న అమ్మాయి

మస్కట్ నగరం ఖురం పేటలో తాను పనిచేసే ఇంట్లో మధ్యాహ్న భోజనాలయ్యాక గిన్నెలు తోముతున్న జైనబీకి కడప నుంచి భర్త జిలాని ఫోన్ చేశాడు. సలాం కూడా చెప్పలేదు.

"నీ ఫోటోలు ఊరంతా తిరుగుతాండాయి. ఇంక ఈ గడప తొక్కొద్దు," అని పెట్టేశాడు.

కాసేపటికి ఆ ఫోటోలు ఆమె ఫోన్‌కూ వచ్చాయి. ముఖం తనదే. ఒళ్లు తనది కాదు. పక్కనున్న మగవాడెవరో తెలియదు. పరాయి దేశంలో పనిచేసే ఆడమనిషి మీద ఎవరేం పుట్టించినా మనవాళ్లు నిజమా అని అడగరు. ఆరేళ్లుగా ఇల్లు నడుపుతున్న ఆమెను కట్టుకున్నవాడే అడగలేదు.

అన్నీ చెరిపేయబోతుంటే ఆ ఇంటి అమ్మాయి అరీబా వంటింట్లోకి వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. అరీబా మస్కట్‌లో సైబర్ ఫోరెన్సిక్స్ ఎమ్మెస్సీ చదువుతోంది. ఫోన్లలో, కంప్యూటర్లలో నేరాల ఆనవాళ్లు పట్టే చదువు అది.

"ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకు ఖాలా. అదే సాక్ష్యం," అంది. జైనబీని పిన్నిలా చూసి ఖాలా అనే పిలుస్తుంది.

"ఈ పాడు ఎవరికి చూపిచ్చేది పాపా? సిగ్గుతో సచ్చిపోతా."

"మా ప్రొఫెసర్ మేడమ్‌కి చూపిద్దాం. నేను పక్కనే ఉంటా."

మర్నాడు విశ్వవిద్యాలయంలో ఆ ప్రొఫెసర్ ఫోటోను పెద్దది చేసి చూపించారు. ముఖం మీద వెలుతురు ఒక పక్క నుంచి, ఒంటి మీద మరో పక్క నుంచి పడుతోంది. ఆ ముఖం జైనబీ పండగకు వాట్సాప్‌లో పెట్టుకున్న ఫోటోలోది. వచ్చిన నంబరు, సమయం, సందేశాలు ఉన్నవి ఉన్నట్టు భద్రపరిచి, అరీబా చేత ఫిర్యాదు రాయించారు. అది ఆన్‌లైన్‌లో కడప పోలీసులకు చేరింది.

నెలన్నరకు దోషి దొరికాడు. ఆమెను కడప నుంచి ఇక్కడికి పనికి పంపి, ఈమధ్య ఈ ఇల్లు వదిలి తాను చెప్పిన ఇంటికి మారమని పీడించిన ఏజెంటే. ఆమె కాదన్నందుకు కక్ష కట్టాడు.

పోలీసుల ద్వారా సంగతి తెలిసి ఆ సాయంత్రమే జిలాని ఫోన్ చేశాడు. "తప్పయిపాయ జైనబీ. నిన్నొక మాట అడగాల్సింది."

"అడిగింటే సాలుండె," అంది ఆమె. చాలాసేపు ఏడ్చింది.

తర్వాత అరీబా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ సదువు నన్ను బతికిచ్చింది పాపా."

"ఇది ఎవరి కోసం చదువుతున్నానో నాకూ ఇప్పుడే తెలిసింది ఖాలా," అంది అరీబా.

శుక్రవారం సెలవునాడు కలిసిన, తనలాగే మస్కట్‌లో పనిచేసే కడప ఆడవాళ్లందరికీ జైనబీ జరిగింది దాచకుండా చెప్పింది. చివర ఇలా అంది:

"సెయ్యని తప్పుకు మనం మొగం దాసుకుంటే, సేసినోడు తలెత్తుకొని తిరుగుతాడు. మనం నోరు తెరుద్దాం, సదువుకున్నోళ్ల సాయం అడుగుదాం."