వేరే వాళ్ల చేతి వంట

“ఇనప గిన్నె ఏదీ? మర్చిపోయావా?” అన్నాడు నాన్న, వ్యాన్ వెనక తలుపు పట్టుకుని.

అమ్మ మర్చిపోలేదు. గిన్నెను తోమి, పొయ్యి పక్కన బోర్లించి, దాని మీద గుడ్డ కప్పి వచ్చింది. నేను చూశాను. నిద్రపట్టిన పసిపిల్లను లేపకుండా గదిలోంచి బయటికి వస్తారు చూడండి, అలా వచ్చింది.

“గిన్నె ఎందుకు? అక్కడ బయట తింటామన్నావుగా,” అంది.

“తింటాం. ఎవరు కాదన్నారు? దారిలో ఎవరికైనా ఆకలేస్తే? మా అమ్మకి వాళ్ల తిండి పడకపోతే? మోసేది నేనేగా, నీకేం బరువు?”

మోసేది నాన్నే, నిజం. వంటింట్లోంచి వ్యాన్ దాకా మోశాడు. ఆ తర్వాత ఆ గిన్నెతో జరిగేది ఏదీ మా ఇంట్లో మోయడం కిందికి రాదు.

ట్రినిడాడ్ వాళ్లం సముద్రం దాటి టొబాగోకి సెలవులకి వెళ్తే సగం వంటిల్లు వెంట తీసుకెళ్తాం. బియ్యం, పిండి, నూరిన ఆకుల మసాలా సీసా, మిరప పచ్చడి సీసా, ఐసు పెట్టెలో మసాలా పట్టించిన కోడి. ఓడ రేవు దాటగానే ఎక్కడికక్కడ మూతలు లేస్తాయి. ఎవరింట్లో పెలావ్‌కి ముందుగా నూనెలో వేసే పంచదార ఎంత మాడిందో వాసన చూసి చెప్పేస్తారు మా నాన్నమ్మ ఆజీ లాంటి వాళ్లు. ఓడలో శాండ్‌విచ్ కొనుక్కునే కుటుంబం కనిపిస్తే ఆజీ ఆ ఇంటి ఆడదాన్ని తల నుంచి కాళ్ల దాకా చూస్తుంది. “లేవలేకపోయింది కాబోలు పాపం,” అంటుంది. ఆ పాపంలో పాపం ఉండదు. మా అమ్మ మాత్రం ఇంకా తెల్లారకముందే లేచి, కందిగింజలు వేసి, కోడి వేసి, బియ్యంతో కలిపి పెలావ్ వండింది. ఓడలో అందరికీ వడ్డించింది. తను తినలేదు. ఓడ ఊగుతుంటే తనకి కడుపులో తిప్పుతుందని ఎవరికీ గుర్తులేదు.

అమ్మ పనిచేసేది కూడా వంటశాలలోనే. మా ఊరు బారక్‌పూర్ చుట్టుపక్కల బడుల పిల్లలకి మధ్యాహ్న భోజనాలు వండే చోట. మనిషి కూర్చోగలిగేంత పెద్ద గిన్నెల్లో అన్నం వారుస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల్లోంచి ఆ ఉల్లిపాయ వాసన పోకముందే మా ఉల్లిపాయలు కోస్తుంది. “నీకు అలవాటేగా,” అంటాడు నాన్న. ఈ మాట నేను ఎన్నోసార్లు ఆలోచించాను. నాన్న శాన్ ఫెర్నాండో రూట్లో వ్యాన్ నడుపుతాడు. అలవాటేగా అని ఆయన్ని ఇంటికొచ్చాక ఎవరూ ఇంకో నాలుగు ట్రిప్పులు తిరిగి రమ్మనరు. ఇంటికొస్తే ఆయన కాళ్లు చాపుకుంటాడు, ఆజీ ఆయన ముఖం చూసి “అలిసిపోయాడు నా బిడ్డ” అంటుంది, ఆ బిడ్డ కోసం నన్ను మంచినీళ్లకి లేపుతుంది.

బడులు మూసేస్తే అమ్మకి సెలవు. ఈ ఏడాది అమ్మ ఒక్కటే అడిగింది. భోజనం దగ్గర, గిన్నెలోకి చూస్తూ అడిగింది. “నాకు వేరే వాళ్ల చేతి వంట తినాలని ఉంది. కూర్చుని. వేడిగా. మధ్యలో లేవకుండా.”

నాన్న పకపకా నవ్వాడు. “అంతేనా సుమింత్రా? టొబాగోలో రోజూ బయటే తిందాం. నువ్వు గరిటె ముట్టుకుంటే ఒట్టు!”

నాన్న అబద్ధాలాడే మనిషి కాదు. అదే నాకు విసుగు. ఏ మాటైనా అనేటప్పుడు మనసారా అంటాడు. అన్నాక ఆ మాట ఇంకెవరి పనో అవుతుంది.

కాస్తారా ఊళ్లో మేం దిగిన అద్దె ఇల్లు కొండ వాలు మీద ఉంది. వంటింటి కిటికీలోంచి కింద ఇసుక ఒడ్డునే చెక్క వరండా ఉన్న రెస్టారెంట్ కనిపిస్తుంది. సాయంత్రం కాగానే అక్కడ దీపాలు పెడతారు. కూర్చున్న వాళ్ల ముందుకి పళ్లేలు వస్తాయి, ఖాళీ అయితే పోతాయి. అమ్మ గిన్నెలు కడుగుతూ అటే చూసేది.

మొదటి సాయంత్రం ఆజీకి ఓడ ప్రయాణం పడలేదు. “నాకేం వద్దు దులహిన్. రెండు రొట్టెలు చాలు,” అంది. దులహిన్ అంటే కొత్త కోడలు. అన్నయ్య విషాన్‌కి గడ్డాలొచ్చినా అమ్మ ఇంకా కొత్త కోడలే. మా ఇంట్లో రెండు రొట్టెలు అంటే అందరికీ రొట్టెలు, బంగాళాదుంప కూర, కాల్చిన టమాటా పచ్చడి. రెండో రోజు నాన్న ఒడ్డున జాలర్లతో కలిసి పెద్ద వల లాగాడు. లాగిన వాళ్లకి చేపలు పంచుతారు. చేపని మొప్పల్లో వేలు పెట్టి వేలాడేసుకుని, కప్పు గెలిచిన వాడిలా మెట్లెక్కి వచ్చాడు. “ఇంత తాజా చేప వదిలేసి డబ్బిచ్చి తినాలా? దేవుడు ఊరుకోడు,” అన్నాడు. దేవుడు చేప పొలుసు గీకడానికి రాలేదు. అమ్మా నేనూ గీకాం. ఆ మర్నాడు విషాన్ బీచ్‌లో క్రికెట్ ఆడిన కుర్రాళ్లందరినీ తీసుకొచ్చాడు. “మా అమ్మ చేతి పెలావ్ తినాలిరా మీరు! తింటే టొబాగో వదిలేసి మా ఊరొచ్చేస్తారు,” అన్నాడు. వాళ్లు తిన్నారు, పొగిడారు, పళ్లేలు అక్కడే వదిలి వెళ్లారు.

నేను ఉల్లిపాయలు కోశాను, పళ్లేలు ఎత్తాను, ఏమీ అనలేదు. నేను నోరు తెరిస్తే అందరూ ఆగి నా వైపే చూస్తారు, అందుకే తెరవను. బడిలోనూ అంతే. కొట్లో కావాల్సింది అడగలేక వేలితో చూపిస్తాను. “మా అంజనీ ఎంత బుద్ధిమంతురాలో, మాటే లేదు,” అంటుంది ఆజీ.

చివరి సాయంత్రం అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. స్నానం చేసి, పసుపు పచ్చ గౌను వేసుకుని, పెదవులకి రంగు వేసుకుని గుమ్మంలోకొచ్చి నిలబడింది. వెనక పొయ్యి మీద ఏమీ లేదు. “వెళ్దామా?” అంది. అంతే. నాన్న పొయ్యి వైపు చూసి, అమ్మ వైపు చూసి, చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

రెస్టారెంట్‌లో వడ్డించే ఆవిడ పేరు మిస్ వెర్లిన్. పెద్ద మనిషి, అందరినీ డార్లింగ్ అనే పిలుస్తుంది, ఆజీని కూడా. “ఏం తింటారు డార్లింగ్స్?”

నాన్న అందరికీ చెప్పేశాడు. తనకీ, విషాన్‌కీ, ఆజీకీ పీతల కూర, డంప్లింగులనే ఉడికించిన పిండి ముద్దలు. “మా చిన్నదానికి వేయించిన చేప. అది ఏం పెట్టినా తింటుంది.” నాకు పీతలు ఇష్టం. నేను బల్లగుడ్డ మీది గళ్లు చూశాను.

“మరి మేడమ్‌కి?”

“తనకి వేరే ఎందుకు? అందరి దాంట్లోంచి తలా కాస్త రుచి చూస్తుంది. ఎప్పుడూ అంతేగా.”

“నాకూ పీతల కూర,” అంది అమ్మ. “పూర్తి పళ్లెం.”

పళ్లేలు వచ్చాయి. పొగలు కక్కుతూ, పసుపు, కొబ్బరిపాలు కలిసిన వాసన. మధ్యలో పీతలు పగలగొట్టుకోవడానికి చిన్న చెక్క సుత్తి. అమ్మ కళ్లు మూసుకుని ఒక్కసారి ఆ ఆవిరి పీల్చింది. అంతలో ఆజీ తన పళ్లెం ఇటు జరిపింది. “దులహిన్, నా పళ్ల సంగతి నీకు తెలుసుగా.” అమ్మ ఆజీ పీతలు పగలగొట్టింది, మాంసం తీసి పెట్టింది. ఈలోపు నాన్న పళ్లెం కూడా అమ్మ ముందుకి జరిగింది. చొక్కా కొత్తదట, చిందుతుందట. పసుపు పచ్చ గౌనుకి చిందదు కాబోలు. తర్వాత విషాన్ పళ్లెం. వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే జరిపాడు. అమ్మ పగలగొడుతూనే ఉంది. తన పళ్లెంలో పులుసు మీద మీగడలా పొర కట్టింది, డంప్లింగులు ఉబ్బిపోయాయి. ఇంట్లో పీతలు వండిన రోజూ ఇంతే. అందరివీ ఒలిచి, చివరికి తను ఉత్త పులుసులో అన్నం కలుపుకుంటుంది. అది తనకి ఇష్టమని మేమందరం నమ్ముతాం.

“తినండి మేడమ్, చల్లారిపోతోంది,” అంది మిస్ వెర్లిన్ అటుగా వెళ్తూ.

“దానికి అలవాటే,” అన్నాడు నాన్న. ఓ ముద్ద నమిలి మొహం పెట్టాడు. “కారమే లేదు. సుమింత్రా, మన సీసా తియ్యి.”

మేం ఎక్కడ తిన్నా అమ్మ చేతిసంచిలోంచి మా ఇంటి మిరప పచ్చడి సీసా బయటికొస్తుంది. ఓసారి అది సంచిలోనే ఒలికి అమ్మ రుమాలు, దువ్వెన, అన్నీ మండిపోయాయి. అయినా మానలేదు.

“తేలేదు,” అంది అమ్మ.

“తేలేదా?”

“పైన ఇంట్లోనే ఉంది.”

నాన్న ఆజీ వైపు చూశాడు. ఆజీ ఆకాశం వైపు చూసింది. కాసేపటికి నాన్న మళ్లీ మామూలైపోయాడు, అంటే గొంతు పెంచాడు. వంటగది వైపు తిరిగి, “ఏమండోయ్! మా ఆవిడ పీతల కూర తింటే మీరు ఈ హోటల్ మూసేసుకుంటారు!” అన్నాడు. పక్క బల్లల వాళ్లు నవ్వారు. వంటగదిలోంచి ఎవరో, “అయితే పంపించండి, పనుంది!” అని అరిచారు. “వెళ్లు సుమింత్రా, ఒకసారి లోపలికెళ్లి చూపించు వాళ్లకి. మన పేరు నిలబెట్టు,” అన్నాడు నాన్న. ఆయన ముఖం నిజంగా గర్వంతో వెలిగిపోతోంది. మా అమ్మ గురించి మా ఇంట్లో చెప్పే మంచి మాటలన్నీ ఆమెను వంటింట్లోకే తోస్తాయి. తిట్టయితే ఎదురు చెప్పొచ్చు. పొగడ్తకి ఏం చెప్పాలి?

అమ్మ లేచింది. చేతులు తుడుచుకుంది. తన పళ్లెం చేతిలోకి తీసుకుంది. విషాన్ దారి ఇవ్వడానికి కాళ్లు ముడిచి, “అమ్మా, వచ్చేటప్పుడు నాకింకాస్త పులుసు,” అన్నాడు.

అమ్మ వంటగది దాకా వెళ్లలేదు. వరండా చివర, సముద్రం వైపు, ఖాళీగా ఉన్న బల్ల దగ్గర ఆగింది. “మిస్ వెర్లిన్, ఇది చల్లారిపోయింది. వేడి చేసి ఇక్కడికి తెస్తారా?”

“ఒక్కరేనా డార్లింగ్?”

“ఒక్కదాన్నే.”

కుర్చీ లాక్కుని మాకు వీపు పెట్టి కూర్చుంది.

“దులహిన్! జనం చూస్తున్నారు!” అంది ఆజీ. అమ్మ తిరగలేదు. “గాలి కోసం వెళ్లుంటుందిలే,” అన్నాడు నాన్న నవ్వబోతూ. నవ్వు సగంలో ఆగిపోయింది. వేడి పళ్లెం అమ్మ ముందుకు వచ్చింది. అమ్మ పీత డెక్కని పళ్లతో కొరికి పగలగొట్టిన చప్పుడు మా దాకా వినిపించింది. పులుసు మోచేతి దాకా కారుతోంది. తుడుచుకోవడం లేదు.

నాన్న కాసేపు పళ్లెం కెలికాడు. విషాన్ పళ్లెంలో ఇంకా రెండు పీతలు మిగిలి ఉన్నాయి. నాన్న సుత్తి తీసి నా ముందు పెట్టాడు. “అంజనీ, అన్నయ్యకి పగలగొట్టివ్వమ్మా. అమ్మ వచ్చేదాకా.”

సుత్తి పిడి తడిగా ఉంది, అమ్మ చేతి తడి. పట్టుకుంటే ఎంత తేలిగ్గా ఉందో. అమ్మ వచ్చేదాకా. అమ్మకి కూడా ఎవరో ఇలాగే ఇచ్చి ఉంటారు, ఎవరో ఒకరు వచ్చేదాకా. వంట నేర్చుకునేదాకా, పెళ్లయ్యేదాకా, పిల్లలు పెద్దయ్యేదాకా. ఇది జీవితమంతా నీదే అని ఎవరూ చెప్పరు. చెబితే ఎవరు తీసుకుంటారు? విషాన్ చూడకుండానే పళ్లెం నా వైపు జరిపాడు.

సుత్తి వాడి పళ్లెం పక్కన పెట్టేశాను. నా చేప పళ్లెం పట్టుకుని లేచాను. వరండా చివరి దాకా నడిచే సరికి చెవులు వేడెక్కిపోయాయి. అమ్మ ఎదురు కుర్చీ మీద చెయ్యి వేశాను.

అమ్మ తలెత్తింది. పెదవుల రంగు మొత్తం పోయింది, పసుపు పులుసు మెరుస్తోంది. కోపంగా లేదు.

“ఇక్కడొద్దు అంజనీ.”

కుర్చీ మీది చెయ్యి తీసేశాను.

“నువ్వు ఎదురుగా కూర్చుంటే నీ చేపకి ముళ్లు తీస్తూ కూర్చుంటాను. నా చేతుల సంగతి నాకు తెలుసు,” అంది. గడ్డంతో పక్కకి చూపించింది. “అదుగో, ఖాళీ బల్లలున్నాయి.”

నేను ఆ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఒక బల్ల దగ్గర నేనొక్కదాన్నే కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక నుంచి ఆజీ గొంతు వినిపించింది. “ఏం చూస్తావురా అటు? ఇంకో పీత ఉంది నాకు. పగలగొట్టు.”

“నేనా?” అన్నాడు నాన్న.

“మరి నేనా? నీ చొక్కా సంగతి తర్వాత చూద్దాం.”

ఠప్పుమని సుత్తి దెబ్బ, ఆ వెంటనే నాన్న ‘అబ్బా’ అనడం వినిపించాయి. అమ్మ భుజాలు కదిలాయి. నవ్విందో ఏమో తెలియదు, తిరిగి మాత్రం చూడలేదు.

మిస్ వెర్లిన్ వచ్చి నా పక్కన నిలబడింది. “ఇంకెవరైనా వస్తున్నారా డార్లింగ్?”

అలవాటుగా వేలు లేచింది చూపించడానికి. దించేశాను.

“లేదు. ఒక్కదాన్నే,” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. చేప పళ్లెం ఆవిడ వైపు జరిపాను. “ఇది నేను అడిగింది కాదు. నాకు పీతలు తెండి. పగలగొట్టకుండా.”