తువ్వాల కింద మారకం

శనివారం పొద్దున తొమ్మిదికి పుట్టిన శృతి డబ్బు మధ్యాహ్నం పన్నెండింటికల్లా మంచం పట్టింది.

డబ్బంటే నిజం డబ్బు కాదు. రాయచూరు పక్కన శక్తినగర్‌లో థర్మల్ కరెంటు కంపెనీ ఖాళీ చేసిన పాత క్వార్టర్స్ రెండు వరసల్లో ఆ రెండు రోజులూ ఒక ఆట జరుగుతోంది. అరవై మంది వేషాలు వేసుకుని, మేం ఫలానా గ్రహం మనుషులమని చెప్పుకుంటూ, కొంటూ, అమ్ముతూ, కొట్లాడుకుంటూ ఆ పాత్రల్లాగే బతికే ఆట. చూడటానికి వచ్చేవాళ్ళెవరూ ఉండరు, అందరూ ఆడేవాళ్ళే. ఉద్యోగాలు చేసే పెద్దవాళ్ళు వెండిరంగు హెల్మెట్లు పెట్టుకుని తిరుగుతుంటే కంపెనీ బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి మెడలు సాచి చూశారు. చూస్తే చూడనీ. ఆడేవాళ్ళకు మాత్రం అది పెళ్ళంత పని.

ఆటలో మూడు గ్రహాలు, మూడు రకాల బిళ్ళలు. అగ్గి బిళ్ళ ఎరుపు, నీరు బిళ్ళ నీలం, గాలి బిళ్ళ తెలుపు. థర్మల్ బూడిదలో సిమెంటు కలిపి, అచ్చు పోయించి, రంగులు వేయించింది శృతి. రాయచూరులో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతుంది. నిరుడు హైదరాబాదులో ఇదే ఆటకు వెళ్ళినప్పుడు, అక్కడి డబ్బు రెండో రోజుకే చెల్లకుండా పోతే, మీకు డబ్బు చేయడం రాదని అందరిముందూ అనేసింది. ఆట పెద్ద నిఖిలేశ్ నవ్వి, అయితే ఈసారి మీ ఊళ్ళో మీరే పెట్టండని పందెం కట్టాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటిదాకా నీ డబ్బు చెల్లితే మూడేళ్ళపాటు ఆట రాయచూరుదే. చెల్లకపోతే ఆట హైదరాబాదుకు తిరిగిపోతుంది, నువ్వు ఆ మాట అందరిముందూ వెనక్కి తీసుకోవాలి. శృతి సరేనంది. నోరు జారడమంటూ జరిగాక దానికి తగ్గట్టు నడుం కట్టాలి కదా. పదకొండు నెలలు ఆ లెక్క మీదే కూర్చుంది.

మూడు గేట్ల దగ్గర మూడు మారకం బల్లలు పెట్టింది. ఒక్కో గోడ మీద ఆ గంట రేటు రాయించింది. గిరాకీ తగ్గిన చోట గంటకొకసారి రేటు తగ్గాలి. కాగితం మీద ముచ్చటైన లెక్క. తీరా పొద్దున గాలి గేటుకు ఎవరూ రాలేదని అక్కడ ఒక నీరుకు ఆరు గాలిగా ఉన్న ధర అయిదుకు దిగింది. మిగతా రెండు గేట్లూ మారలేదు. ఒక నీరు బిళ్ళకు రెండు అగ్గి, ఒక్కో అగ్గికి మూడు గాలి. అంటే నీరు బిళ్ళతో బయలుదేరినవాడి చేతికి ఆరు గాలి బిళ్ళలొస్తాయి. అందులో అయిదు గాలి గేటులో ఇస్తే నీరు బిళ్ళ తిరిగొస్తుంది, ఒక గాలి ఊరికే మిగులుతుంది.

నిఖిలేశ్ కళ్ళు అలాంటి సందులు వెతకడానికే పుట్టాయి. తన మనుషులను ఎనిమిది మందిని వరసగా పెట్టి, మూడు గేట్ల చుట్టూ గానుగ తిప్పినట్టు తిప్పాడు. శృతి కనిపెట్టి రేటు సరిచేసేసరికి వాళ్ళ గోనె సంచులు నిండిపోయాయి. గాలి బిళ్ళలు గులకరాళ్ళతో సమానమయ్యాయి.

అసలు దెబ్బ మజ్జిగ దగ్గర తగిలింది. కవితాళ దగ్గర ఆంధ్ర రైతులు స్థిరపడిన క్యాంపు నుంచి వచ్చిన రాజ్యలక్ష్మి ఆటలో ప్రాణవాయువు అమ్మే మనిషి. ఆ ప్రాణవాయువు అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. పన్నెండింటికి ఆవిడ గరిట పక్కన పెట్టేసింది. "నాకీ బిళ్ళలొద్దమ్మా. సాయంత్రానికి వీటిని ఎవరు తీసుకుంటారు? ఎవరైనా హెల్మెట్ ఇస్తే మజ్జిగ పోస్తాను" అంది. నిరుడు హైదరాబాదులో కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. శృతికి తల కొట్టేసినట్లయింది.

ఆమె తండ్రి హంపయ్య ఇదంతా ఒక క్వార్టర్ మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు. టెంట్లు తెచ్చిన టెంపోలో తోడు వచ్చాడు. నలభై ఏళ్ళుగా పశువుల సంతలో దలాలి, ఎద్దుల బేరాలు కుదిర్చే మనిషి. ట్రాక్టర్లొచ్చాక సంత సగమైంది, ఆయన పనీ సగమైంది. పొద్దున రిజిస్టర్లో అందరి పేరూ, అసలు వృత్తీ రాస్తూ శృతి ఆయన పేరు పక్కన "టెంట్ల కాంట్రాక్టు" అని రాసింది. హైదరాబాదు వాళ్ళముందు ఎద్దుల దలాలి అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆయనకు చదవడం బాగానే వచ్చు. చదివాడు, పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

శృతి వచ్చి ఆయన పక్కన కూలబడింది. ఆయనే మాట కదిలించాడు.

"పొద్దుగాల నుంచి చూస్తున్న. సంతల ఎద్దు నొసట మీద ధర రాసి కట్టేస్తమా బిడ్డా? గోడకేం తెలుస్తది, వాడు ఎన్నోసారి వచ్చిండో. పుచ్చుకునెటోడు లేకున్నా నీ గోడ ఇస్తనే ఉన్నది."

అదే ముక్క పుస్తకాల్లో నలభై పేజీలుంటుంది. శృతే ఏటా దాన్ని పాఠంగా చెబుతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పనికిరాక కాదు, మనం ఆ వైపు తిరిగి చూడక.

మరేం చెయ్యమంటావని అడిగింది. ఆయన భుజం మీది తువ్వాల తీసి దులిపాడు. గోడలన్నీ తుడిచెయ్యి, బల్లలెత్తెయ్యి, మారకం కావాల్సినోళ్ళు నా దగ్గరకు రావాలన్నాడు. శృతి తువ్వాల వైపు చూసింది, వెండి హెల్మెట్ల వైపు చూసింది. నిఖిలేశ్ నవ్వు ముందే వినబడింది. కానీ మునిగేవాడికి సిగ్గేమిటి. గోడలు తనే తుడిచింది.

రెండింటికి ఆటలో చాటింపు వేశారు. దూర గ్రహం నుంచి ముసలి బేరగాడు దిగాడు, ఇక మారకమంతా ఆయన చేతి మీదే. హంపయ్య మెట్ల మీద కూర్చుని పద్ధతి చెప్పాడు. నీరు బిళ్ళలున్నవాడు ఒకవైపు, గాలి బిళ్ళలున్నవాడు ఒకవైపు కూర్చోవాలి. ఇద్దరి చేతులూ తువ్వాల కింద ఆయన చేతుల్లో ఉంటాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ధర అంత. పైన నోరు మాత్రం వాన గురించో పంట గురించో మాట్లాడుతూ ఉండాలి, మొహంలో ఏమీ కనిపించకూడదు. రెండు ధరలూ కలిస్తే బేరం ముగిసినట్టు. ఆయనకు తలా ఒక బిళ్ళ. ఏ ధరకు కుదిరిందో ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు.

"గిది ఇమాన్ మీద, నమ్మకం మీద నడిచే పని" అన్నాడు. ఎవరో మణికట్టు పట్టుకుంటే ఏమిటర్థమని అడిగారు. నువ్వెంతంటే అంత, నీతో నాకు బేరం లేదని అర్థమట. అట్లా తను ఒక్కసారే పట్టుకున్నాడట, అమరేశప్ప అనే రైతు బేరమాడ మనసురానంత గొప్ప ఎద్దుల జతను సంతకు తెచ్చిన ఏడాది.

మొదట నిఖిలేశే వచ్చాడు, భుజాన సంచితో, పెదవి చివర నవ్వుతో. ఎదురుగా బెంగళూరు జట్టులోని మాధవీలత కూర్చుంది. ఆమె దగ్గర నీరు బిళ్ళలున్నాయి.

"మీ దిక్కు వానలెట్లున్నయి సారూ?" అని అడిగాడు హంపయ్య. బాగానే ఉన్నాయంకుల్ అంటున్న నిఖిలేశ్ మొహం మధ్యలోనే మారిపోయింది. కింద అయిదు వేళ్ళూ పట్టుకుని వదిలి, మళ్ళీ అయిదూ పట్టుకుని, ఇంకో రెండు పట్టుకున్నాడు ముసలాయన. ఒక నీరుకు పన్నెండు గాలి. పుచ్చుకునేవాళ్ళు లేని సరుకుకు ధర అంతే మరి. రెండోసారి వచ్చేసరికి పదహారైంది. ఎవరు ఎన్ని సంచులు తెచ్చారో, ఎన్నోసారి తెచ్చారో ఆయనకు గుర్తుంది. నలభై ఏళ్ళు ఎద్దుల సుడులు గుర్తుపెట్టుకున్న తలకాయకు అరవై మంది మనుషులొక లెక్కా.

ఆ దెబ్బతో గానుగ ఆగింది. చుట్టూ తిరగడానికి గేట్లే లేవాయె. ఒకడి ధర ఇంకొకడికి తెలియదు కాబట్టి ఎవరికి కావాల్సింది వాళ్ళు అడిగి తీసుకోవడం మొదలుపెట్టారు. గాలి బిళ్ళలు చవకయ్యాయని పసిగట్టి గాలి గ్రహం వాళ్ళు తమ సరుకు ధరలు పెంచారు, అక్కడ కొనడానికి మిగతావాళ్ళకు గాలి కావాల్సొచ్చింది, ధర మెల్లగా పైకి లేచింది. ఆదివారం పొద్దునకు మెట్ల ముందు వరస కట్టారు. మొహంలో ఏమీ కనిపించకుండా వాన గురించి మాట్లాడటం అందరికీ పందెమైపోయింది. చివరికి వచ్చినవాళ్ళలో సగం మందికి బేరం పనే లేదు, ఆ తువ్వాల కింద ఒకసారి చెయ్యి పెట్టి పోదామని వచ్చారు. శృతి దూరంగా నిలబడి చూస్తుంటే గుండె నిండుగా అనిపించింది.

నాలుగింటికి నిఖిలేశ్ అందరినీ వెంటబెట్టుకుని మజ్జిగ దగ్గరకు వెళ్ళి, ఒక్క తెల్ల బిళ్ళ బల్ల మీద పెట్టాడు. అరవై మందీ రాజ్యలక్ష్మి చేతి వైపే చూశారు. ఆవిడ బిళ్ళ తీసి కొంగున ముడేసుకుని, గ్లాసు నిండా పోసింది. "మంచిగా చెల్లుతుంటే ఎందుకు తీసుకోనండీ?" అంది.

నిఖిలేశ్ గ్లాసు ఖాళీ చేసి, డబ్బు చేయడం నీకు వచ్చు అన్నాడు. మూడేళ్ళు మీ ఊరికే వస్తామన్నాడు. మాట మీద నిలబడ్డాడు, ఆ పేరు అతనికి దక్కాల్సిందే.

ఇక అందరికన్నా ధనవంతుడెవరో తేల్చి కప్పు ఇవ్వాలి. సంచులన్నీ లెక్కపెట్టారు. ఎవరో హంపయ్య సంచి కూడా విప్పమన్నారు. తలా ఒక బిళ్ళ చొప్పున రెండు రోజుల దలాలి, మూడు రంగులూ కలిపి విలువ కడితే, నిఖిలేశ్ జట్టంతటి కన్నా ఎక్కువే తేలింది. రిజిస్టర్ చూసినవాళ్ళు, ఈయన ఆటగాడు కాదు, టెంట్ల కాంట్రాక్టు అని రాసుంది, కప్పు ఎట్లా ఇస్తామన్నారు.

శృతి చేతిలోకి రిజిస్టర్ తీసుకుంది. తను రాసింది తనే అడ్డంగా కొట్టేసి, పక్కన రాసి, అందరికీ వినబడేట్టు చదివింది.

"హంపయ్య. ఎద్దుల దలాలి. మా నాయన."

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. కప్పు తెచ్చి మెట్ల మీద పెడితే హంపయ్య దాని వైపు చూడను కూడా లేదు. తువ్వాల పరిచి కూతుర్ని పిలిచాడు. శృతి ఎదురుగా కూర్చుని కిందకు చెయ్యి పెట్టింది. ఎన్ని వేళ్ళు పడతాడోనని చూసింది. ఆయన వేళ్ళు పట్టుకోలేదు. గరుకు చెయ్యి ఆమె మణికట్టును చుట్టుకుని బిగిసింది.

ఇప్పుడు వాన గురించి మాట్లాడాలి. మొహంలో ఏమీ కనిపించకూడదు.

"ఈసారి వానలు మంచిగ పడేటట్టున్నయి నాయనా" అంది శృతి. మాట సరిగ్గానే వచ్చింది, కళ్ళే ఆగలేదు.