కోటు విప్పేదాకా డాక్టరే

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోకి మొట్టమొదటి టీవీ వచ్చిన ఏడు, శ్రీపతి సేటు తన మిద్దె మీద పాతించిన ఏంటెనా ఎంత ఎత్తుండేదంటే, దాన్ని సిగ్నల్ స్తంభం అనుకొని రెండు రైళ్ళు దూరంలోనే ఆగిపోయాయని చెప్పుకునేవాళ్ళు. రెండు కాదు, ఒకటేనని కిష్టవ్వ దిద్దేది. అబద్ధమాడినా లెక్క తప్పకూడదని ఆమె పట్టు.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. కిష్టవ్వ ఇద్దరు కొడుకులతో ఆ గల్లీలోనే కిరాయికి ఉండేది. పెద్దవాడు పోచయ్య లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో జవాను. పెళ్ళాం పోయినా, ఇంటి పెత్తనం పోలేదు. చిన్నవాడు సాయన్న స్టేషన్‌లో ఎర్రచొక్కా కూలీ. సాయన్న పెళ్ళాం కొండమ్మ. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, తొమ్మిదేళ్ళ పద్మ.

పద్మ మాట్లాడదని గల్లీ అంతా అనేది. మనిషి ముఖం చూడదు, పిలిస్తే పలకదు, పరాయివాళ్ళు ముట్టుకుంటే కెవ్వుమంటుంది. తాడు కనిపిస్తే మాత్రం వదలదు. ముడి వేస్తుంది, విప్పుతుంది, మళ్ళీ వేస్తుంది. పోచయ్య ఆఫీసు ఫైళ్ళకు కట్టే ఎర్ర నాడాలు జేబులో వేసుకొచ్చి ఆ పిల్ల ముందు పోసేవాడు. ఆ నాడాలతో పద్మ ఒకసారి మంచం కోడు నుంచి వీధి పంపు దాకా ముళ్ళు వేసుకుంటూ పోయిందట. విప్పడానికి నలుగురు గట్టి మనుషులు మూడు రోజులు కూర్చున్నారట. దాని జబ్బుకు పేరేమిటో గల్లీలో ఎవరికీ తెలియదు. దవాఖానలో అడిగితే, "పెద్దయితే సర్దుకుంటది" అని ఎర్రమందు సీసా ఇచ్చి పంపారు.

అయితే పద్మ మాట్లాడదనేది కిష్టవ్వ దృష్టిలో శుద్ధ అబద్ధం. ఆ పిల్ల స్టేషన్ మైకు మాట్లాడుతుంది. పుట్టినప్పటినుంచి చెవిలో పడ్డది అదే కదా! ఆకలేస్తే, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటుంది, ముక్కులోంచి, అచ్చం మైకులాగే. తొందర పెడితే, "బండి ఆలస్యముగా నడుచుచున్నది." నిద్రొస్తే, "ఈ బండి ఇక్కడి వరకే." వద్దనుకుంటే, "బండి రద్దు చేయబడినది." ఆ చివరి మాట విన్నాక పద్మ నోట్లో ముద్ద పెట్టగలిగిన మొనగాడు నాంపల్లిలో పుట్టలేదు. ఇదంతా తల్లికీ, తండ్రికీ, నాయనమ్మకూ తెలుసు. పోచయ్యకు మాత్రం అవి మాటల్లా వినపడేవి కావు.

"రామచిలుక సుత పలుకుతదే అవ్వా. 'అమ్మా' అని ఒక్కపారి పిలువుమను, గప్పుడు ఒప్పుకుంట" అనేవాడు.

ఆ ఆదివారం సాయంత్రం టీవీలో డాక్టరు నాటకం వచ్చింది. శ్రీపతి సేటు ఇంటి ముందు విప్పిన చెప్పులు గల్లీ మొగదాకా పాకాయి. లోపల మనుషులు ఎలా కూర్చున్నారంటే, ఒకడు దగ్గితే పదిమంది ఊగారు. కిష్టవ్వ టీవీకి మూరెడు దూరంలో చతికిలబడింది.

నాటకంలో ఒక పాప. ఇస్త్రీ గౌను, రెండు జడలు, రెండు రిబ్బన్లు. మాట్లాడదు. గోడకేసి చూస్తూ బొమ్మలా కూర్చుంటుంది, అంతే.

"గా జడలు ఎవ్వరేసిన్రు?" అంది కిష్టవ్వ బిగ్గరగా. "మా పద్మ తల దువ్వాలంటే ఇద్దరం పట్టుకోవాలె, ఒకలు దువ్వాలె, ఒకలు పాట పాడాలె!"

"చప్పుడు జేయకు అవ్వా" అన్నాడు శ్రీపతి సేటు.

"ఇంతసేపాయె, ఒక్కపారన్న నవ్విందా? మాది దినాం నవ్వుతది. ఎందుకు నవ్వుతదో తెల్వదు గని, చూసినోళ్ళకు సుత నవ్వొస్తది. గిదేం పిల్ల? ఆకలి లేదు, అలక లేదు. పిల్ల గాదు, పిండిబొమ్మ!"

"జర ఆగవ్వా! డాక్టర్ సాబ్ వచ్చిండు!"

వచ్చాడు. తెల్లకోటు, మెడలో గొట్టం, నుదుట మూడు ముడతలు. పాప వంక ఒక్క చూపు చూసి, బల్ల మీద గుద్ది అన్నాడు: "జబ్బు ఈ బిడ్డలో లేదు, తల్లిలో ఉంది! ఆమె గారాబమే ఈ బిడ్డ మౌనం! ఏడాదిపాటు తల్లి కంట పడకుండా దూరంగా ఉంచండి!" టీవీలో ఏడాదంటే ఒక వీణ ముక్క. అది అయిపోగానే పాప పరుగున వచ్చి, "అమ్మా!" అని కౌగిలించుకుంది. గల్లీకి గల్లీ ఏడ్చింది. శ్రీపతి సేటు చాపను రెండు రోజులు ఎండలో ఆరేశారంటే చూసుకోండి.

కళ్ళు తుడుచుకున్నాక, అందరి తలలూ ఒకేసారి కొండమ్మ వైపు తిరిగాయి. కొండమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది, చంకలో పద్మను ఎత్తుకొని. తొమ్మిదేళ్ళ పిల్లను చంకన ఎత్తుకున్న తల్లికంటే గారాబానికి వేరే సాక్ష్యమెందుకు?

మర్నాడు పొద్దున పోచయ్య తీర్పు చెప్పాడు.

"మెదక్ దిక్కు ఒక ఆశ్రమమున్నది. మా పెద్ద క్లర్కు చిట్టీ రాసిచ్చిండు. బేస్తారం మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు పద్మను నేనే తోల్కపోత. ఒక్క ఏడాది. కొండమ్మా, గట్ల ఏడ్వకు. నీ బిడ్డ మాట్లాడాల్నా, వద్దా?"

"అన్నా, గది నాటకమే" అని నసిగాడు సాయన్న.

"నాటకమైతేంది? డాక్టర్ గట్ల చెప్పిండా, లేదా? ఊరంత విన్నది. డాక్టర్ మాటకు నేను ఎదురుపోను."

కిష్టవ్వ పోచయ్యను ఎరుగును. మనసు వెన్న, బుర్ర తాళం. ఆ తాళానికి తాళంచెవి డాక్టరు నోట్లో ఉంది. ఆమె సాయన్నను పక్కకు లాగింది.

"ఆ డాక్టర్ ఎవడురా? ఎక్కడుంటడు?"

"నేను ఎరుగుదునే అవ్వా. అబిడ్స్‌ల చెప్పుల దుకాణంల పనిజేస్తడు. స్టేషన్ కాడికెల్లి పెట్టెలు మోసినప్పుడు చూసిన. పేరు తాతారావు."

కిష్టవ్వ ఆ క్షణమే చీర కుచ్చిళ్ళు బిగించి అబిడ్స్ దారి పట్టింది. వెళ్ళేసరికి తాతారావు నేల మీద కూర్చొని, ఒక లావుపాటి ఆసామి పాదాన్ని బూటులోకి దూర్చే పనిలో ఉన్నాడు. కిష్టవ్వ నడి దుకాణంలో వంగి ఆయన కాళ్ళు మొక్కింది. తాతారావు కాళ్ళు మొక్కిన మొదటి మనిషి ఆమే. అప్పటిదాకా ఆయనే ఊళ్ళో అందరి కాళ్ళూ పట్టుకునేవాడు.

"డాక్టర్ సాబ్! ఆదివారం అన్న మాట వాపస్ తీసుకోవాలె బిడ్డా!"

"అయ్యో మామ్మగారూ, లేవండి! నేను డాక్టర్ని కాదండీ, వేషం వేశానంతే!"

"నాకు తెల్వదా? వేషమనే గదా వచ్చింది! అసలు డాక్టరైతే నేనెందుకొస్త?" అంది కిష్టవ్వ, నేల మీదే స్థిరపడి. "మా ఊర్ల బిచ్చయ్య అని గొర్లు కాసేటోడు. పగలు అందరు తిట్టేటోళ్ళు. భాగవతంల కిష్టుని వేషం కడితే పటేల్ సుత లేచి మొక్కేటోడు. కిరీటం దించేదాక దేవుడే. దించినంక మల్ల గొర్లే. ఒకపారి వేషంల ఉండి, 'గిప్పుడే వాన పడాలె' అన్నడు. పడ్డది! వానకు మొకం రంగు కారిపోయింది. రంగు పోంగనే వాన సుత ఆగిపోయింది!"

లావుపాటి ఆసామి ఒక కాలికి బూటు, ఒక కాలు ఖాళీగా, నోరు తెరిచి వింటున్నాడు.

"గందుకని, వేషంల అన్న మాట వేషంలనే వాపస్ తీసుకోవాలె. బేస్తారం పొద్దుగాల గా కోటు తొడుక్కొని మా ఇంటికి రా."

"అది నేను రాసిన మాట కాదండీ మామ్మగారూ. రాధాకృష్ణమూర్తిగారని, ఆయన రాశారు. నేను అప్పజెప్పానంతే."

"రాసినోడు చాటున ఉన్నడు. అన్నది నీ నోరు. నా మనుమరాలిని తల్లి కాడికెల్లి గుంజుకపోతున్నరు నీ నోటి మాటకు."

తాతారావు బూటు కిందపెట్టాడు. ఆయన టీవీలో కనిపించింది నిన్ననే. ఆ దుకాణంలో ఒక్కడూ నమ్మలేదు. ఇప్పుడు యజమానితో సహా అందరూ లేచి నిలబడి చూస్తున్నారు. నటుడికి అంతకన్నా ఏం కావాలి? "కోటు సుల్తాన్ బజార్‌లో అద్దెకి దొరుకుతుందండీ" అన్నాడు గొంతు సవరించుకొని.

గురువారం పదకొండు గంటలకు తాతారావు గల్లీ మొగలో దిగాడు. తెల్లకోటు, గొట్టం, నుదుట మూడు ముడతలు, అన్నీ ఉన్నాయి. ఇంటిదాకా రానిస్తే కదా! శ్రీపతి సేటు పొట్ట పట్టుకొని ఎదురొచ్చాడు. ఆయన వెనక మోకాళ్ళు, వాళ్ళ వెనక నడుములు, ఆ వెనక ఒక ముసలాయన పాలివ్వని మేకతో సహా వరసకట్టారు. తాతారావు మొదట బెదిరాడు, తర్వాత వేషం ఒంటికి పట్టింది. అందరికీ జీలకర్ర నీళ్ళే రాశాడు. మేక ఆ సాయంత్రమే రెండు శేర్లు ఇచ్చిందని మేకాయన ప్రమాణం. ఒకటిన్నర శేరేనని కిష్టవ్వ.

ఇంట్లోకి వచ్చేసరికి రెండు దాటింది. పోచయ్య ఖాకీ బట్టల్లో తయారుగా ఉన్నాడు. పద్మ బట్టల మూట గడప దగ్గరుంది. డాక్టర్ని చూడగానే చేతులు జోడించాడు.

"మీరే వచ్చిన్రా సాబ్! చూడున్రి. మూడు గంటలకు బస్సు. మీ ముందట్నే తోల్కపోత."

పద్మ డాక్టరు ముఖం చూడలేదు. బూట్లు చూసింది. వాటికి లేసులున్నాయి! గబగబా వచ్చి కూర్చొని ఒక లేసు విప్పింది. తాతారావు నాడి పట్టుకోబోయి ఆగాడు. గొట్టం పెట్టబోయి ఆగాడు. తర్వాత కోటు ఎత్తి పట్టుకొని నేల మీద కూలబడ్డాడు. వైద్యం ఆయనకు తెలియదు గానీ, బూట్లు ఆయనకు తెలుసు. రెండూ విప్పి పిల్ల ముందు పెట్టాడు. ఆమె ఒక కన్నంలో దూర్చింది, ఆయన ఎదుటి కన్నంలోంచి లాగాడు. ఆమె నవ్వింది. ఎందుకో తెలియదు. ఆయనా నవ్వాడు. చూస్తున్న సాయన్న, కొండమ్మ, తలుపు దగ్గరి శ్రీపతి సేటు, అందరికీ నవ్వొచ్చింది.

"సాబ్, యాళ్ళయితున్నది" అన్నాడు పోచయ్య. "ఏదో ఒక మాట చెప్పున్రి."

తాతారావు లేచి, కోటు సవరించుకొని, బల్ల కోసం వెతికి, లేకపోతే గోడ మీద గుద్దాడు. అక్కడే వచ్చింది తంటా. కోటు తొడుక్కొని గుద్దగానే ఆ నోటికి అలవాటైన మాటలే పొంగుకొచ్చాయి.

"జబ్బు ఈ బిడ్డలో లేదు, తల్లిలో ఉంది! ఆమె గారాబమే..."

 పోచయ్య "చూసినవా అవ్వా!" అంటూ మూట అందుకున్నాడు. రెండో చేత్తో పద్మ చెయ్యి పట్టుకున్నాడు. పద్మ చేతిలోని లేసు జారిపోయింది.

"బండి రద్దు చేయబడినది" అంది పద్మ.

తాతారావు ఆగిపోయాడు. "ఏవన్నావమ్మా?"

"బండి రద్దు చేయబడినది. బండి రద్దు చేయబడినది." ముక్కులోంచి, అచ్చం మైకులాగే. చెయ్యి గుంజుకొని, లేసు వెతుక్కొని, మళ్ళీ కన్నంలో దూర్చింది.

"వద్దంటున్నది సాబ్" అంది కొండమ్మ. బావ ఎదుట ఆమె గొంతు విప్పడం అదే మొదలు. "పోనంటున్నది. ఆకలైతే ఒకటంటది, నిద్రొస్తే ఒకటంటది. నా బిడ్డకు మాటలున్నయి. వినేటోళ్ళే లేరు."

తాతారావు పోచయ్య వైపు తిరిగాడు. నుదుటి మూడు ముడతలూ ఎటుపోయాయో పోయాయి.

"పిల్ల నోరు తెరిచి రానని చెబుతుంటే, ఎక్కడికండీ తీసుకెళ్ళేది? తల్లి దగ్గరే ఉండాలి. ఆ మాటలన్నీ అర్థమయ్యేది ఆ తల్లికేగా! ఇది డాక్టరు మాట."

"మరి ఆదివారం గట్ల చెప్పిన్రు?"

"ఆదివారం నేను చూసింది వేరే పిల్లనండీ. ఆ పిల్లకి 'అమ్మా' ఒక్కటే రాసిచ్చారు. ఈ పిల్ల తన మాటలు తనే తెచ్చుకుంది."

పోచయ్య కళ్ళు చిన్నవి చేశాడు. ఆయన చూపు తాతారావు నుంచి బూట్ల మీదికీ, బూట్ల నుంచి మళ్ళీ తాతారావు మీదికీ పోయింది. "సాబ్... సాయిగాడు అన్నడు, మీరు చెప్పుల దుకాణంల..."

"ఒరే పోచిగా!" కిష్టవ్వ లేచి నిలబడింది. "బిచ్చయ్య కిష్టుడైతే ముందుగాల మొక్కింది ఎవలురా? గ్యాసుబత్తి పట్టుకొని ముందట నడిచింది ఎవలు? గొర్లోడని గప్పుడు అడిగినవా?"

"అడగలే."

"ఎందుకడగలే?"

"కిరీటం మీదున్నది గద."

"మరి గిప్పుడు కోటు మీదున్నదా, లేదా?"

పోచయ్య కోటును కిందినుంచి పైదాకా చూశాడు. గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. మూట కిందపెట్టాడు. జవాను కదా, హుకుం వచ్చాక ఎదురు లేదు. మూట ముడి విప్పబోతే అది రాలేదు; పద్మ వేసిన ముడి. ఆయన పిల్ల ముందు గొంతుక్కూర్చొని, "జర విప్పు బిడ్డా" అన్నాడు. పద్మ తల ఎత్తలేదు.

"బండి ఆలస్యముగా నడుచుచున్నది."

పోచయ్య తల్లి వైపు చూశాడు. "తొందర పెట్టొద్దంటున్నదా?"

"ఔ" అంది కిష్టవ్వ. "ఇన్నేండ్లకు నీకు మాటలొచ్చినయి."

తాతారావు వెళ్ళడానికి లేచాడు గానీ, రెండు బూట్లకూ కలిపి పద్మ ఒకే ముడి వేసింది. సాయన్న చెప్పులు కాళ్ళకు తగిలించుకొని, ఎండలో బయలుదేరాడు. చెమటలు కారుతుంటే గల్లీ మధ్యలో మొదటి గుండీ మీద చెయ్యి వేశాడు.

"విప్పకు బిడ్డా, విప్పకు!" వెనకనుంచి కిష్టవ్వ కేక. "పోచడు చూస్తుండు! మూడు గంటల బస్సు పోయేదాక!"

ఆయన గుండీ మీది చెయ్యి తీశాడు. అబిడ్స్ దాకా అలాగే నడిచాడు, తెల్లకోటులో, ఇంకొకరి చెప్పుల్లో. దారి పొడుగునా పద్నాలుగు మంది నాడి చూపించుకున్నారట.

పన్నెండు మందేనని కిష్టవ్వ.