రెండు దినాల దూరం

మస్కట్ నుంచి ఊళ్లో దిగిన హనుమేశ్ తెచ్చిన ఖర్జూరం పొట్లం అందుకుంటూ మంజుశ్రీ మాటవరసకు అడిగింది. "రెండు దినాలు విమానంలో కూర్చోని ఒళ్లు హూనమై ఉంటాది కదప్పా?"

అతను నవ్వాడు. "రెండు దినాలేందక్కా? పొద్దున మస్కట్‌లో టీ తాగి ఎక్కితి. నాలుగు గంటలు గూడా పట్టలే, బెంగళూర్లో దిగితి. రెండువేల చిల్లర కిలోమీటర్లు, అంతే. ఆడనుంచి మన కప్పగల్లుకు బస్సులోనే ఎక్కువసేపు కూర్చుంటి."

పొట్లం ఆమె చేతిలో అట్లాగే ఉండిపోయింది.

ఆమె మొగుడు పరశురామ్ మస్కట్‌లో నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. తల్లి లేని అతన్ని పెంచింది అక్క హులిగెమ్మ. పోయిన వానాకాలం ఆమె బళ్లారి ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటే, మంజుశ్రీ జీన్స్ కుట్టే పని మానుకొని మంచం పక్కనే ఉంది. రమ్మని ఫోన్ చేసినప్పుడల్లా అతనిది ఒకటే జవాబు, విమానంలోనే రెండు దినాలు పోతాయని. అది విని హులిగెమ్మే మరదలి చెయ్యి పట్టుకుంది. "రెండు దినాలు గాల్లో కూర్చోల్ల, పాపం. వద్దని చెప్పు మంజూ." ఆ మాట అన్నదే గాని, ప్రాణం పోయేదాకా ఆమె చూపు వార్డు తలుపు మీదే ఉంది.

హనుమేశ్ గడప దాటకముందే మంజుశ్రీ మొగుడికి ఫోన్ చేసింది.

"మస్కట్ నుంచి ఎన్ని గంటలు?"

"ఇప్పుడెందుకే అది?"

"ఎన్ని గంటలంటే చెప్పు!"

"నాలుగు," అన్నాడు.

"అప్పుడు పనికాడ రజా ఇయ్యలేదా?"

"ఇచ్చిరి. అక్కను అట్ల చూసేకి ధైర్యం చాలలే మంజూ."

"చూడలేనని చెప్పల్ల! నెపం సముద్రం మీదికి ఎందుకు తోస్తివి? చచ్చిపోతా గూడా నీకు అలుపైతాదని బాధపడె ఆ యమ్మ! ఈదిలో ఎవరడిగినా రెండు దినాలని నేనే చెప్తి. నీ అబద్ధం నా నోట చెప్పిస్తివి!"

"సంవత్సరీకానికి వస్తా."

"రా. నాకేమీ చెప్పొద్దు. ఈదిలో చెప్పు."

అన్నట్టే వచ్చాడు. హులిగెమ్మతో ఏళ్లతరబడి కలుపులకు పోయిన ఎదురింటి పంపమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "రెండు దినాల ప్రయాణం, అలిసిపోయింటావు నాయినా."

పరశురామ్ వాకిట్లో నిలబడ్డ పెళ్లాం వైపు చూశాడు. ఆమె అతని బ్యాగు అందుకోలేదు, చూపూ తిప్పుకోలేదు.

"నాలుగు గంటలే పెద్దమ్మా. అప్పుడు గూడా అంతే. నేనే రాలేదు."

పంపమ్మకు అది అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చెంబు తీసుకొని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పరశురామ్ మెట్టు మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. మంజుశ్రీ దగ్గరికి పోలేదు.

"కూర్చుంటే కాదు. ఇంకా ఈదంతా ఉండాది. లెయ్," అంది.