మంచు కనిపించే కార్డు

రబ్బరుతో పాత కంప్యూటరు కార్డు అంచును రుద్దుతూ ఆమె కిటికీలోంచి ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసింది. పెన్సిలు గీతలు చెరిపే మామూలు రబ్బరే. బంగారు రంగు పళ్ళ మీద పేరుకున్న నల్లటి పొర పొట్టులా రాలుతోంది. ఊదింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కాలిన వాసన లేదు. అయినా ఎందుకో నమ్మకం కుదరక ఇంకోసారి వాసన చూసింది.

పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి అమ్మే దుకాణం అది. వెనకగదిలో బల్ల ముందు కూర్చుని, ఏ భాగం పనికొస్తుందో ఏది చెత్తలోకో తేల్చడం ఆమె పని. అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. తెరమీద బొమ్మ చూపించే ఏ పాత గ్రాఫిక్స్ కార్డుకు ఏ డ్రైవరు సాఫ్టువేరు ఎక్కించాలో ఆమెకు నోటికొచ్చు. సామాను మోయడానికి కొత్తగా చేరిన మనిషి ఆ పేరు విని, వ్యాను తాళాలు ఆమె చేతిలో పెట్టి, "కాస్త వెనక్కి తియ్యమ్మా, దారికి అడ్డంగా ఉంది" అన్నాడు. ఆమెకు సైకిలు తొక్కడం కూడా రాదు. ఆ మాట తలుచుకుని దుకాణంలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఈ రోజు మాత్రం ఆమె ముఖం చూసి ఎవరూ పరాచికాలాడలేదు. పొద్దుగుంకేలోపు ఆడపడుచు కారు వేసుకుని వస్తుంది. అత్తగారిని తనతో తీసుకెళ్ళిపోతుంది. కొన్నాళ్ళుండి రావడానికి కాదు, అక్కడే ఉండిపోవడానికి.

ఇదంతా ఇంట్లో కంప్యూటరు పాడవడంతోనే మొదలైందని ఆమె గట్టిగా నమ్ముతోంది. ఒక మధ్యాహ్నం అత్తగారు ఆట ఆడుతుండగానే తెర చారలు చారలుగా చీలి, తర్వాత నల్లబడింది. ఆవిడ మౌసు వదిలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ వారంలోనే కూతురితో ఫోనులో, "సరే, వస్తాను" అన్నది. ఇన్నేళ్ళూ కూతురు పిలుస్తూనే ఉంది. ఆవిడ ఏదో ఒకటి చెప్పి దాటేస్తూనే ఉంది.

ఆ కంప్యూటరు కోడలి భర్త కొన్నది. అతను వేరొకరితో కాపురం పెట్టుకుని వెళ్ళిపోయినప్పుడు బట్టలూ టేప్‌రికార్డరూ తీసుకెళ్ళాడు, దాన్ని వదిలేశాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తిరుగుతున్న రోజులవి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన అత్తగారికి చేతులు ఊరికే ఉండవు. దుమ్ము తుడవబోయి కంప్యూటరు మీట నొక్కింది. అందులో ఒక విమానం ఆట ఉంది. రెండు రెక్కల చిన్న విమానంలో కొండల మధ్య ఊళ్ళకు టపా సంచులు చేరవేయాలి. చుట్టూ పొగమంచు. కొండ ఎక్కడుందో దగ్గరికి పోతేగాని తెలియదు. మొదటిరోజు ఆవిడ పొద్దస్తమానం కొండలనే గుద్దింది. ఆ సాయంత్రం, ఎన్నో రోజుల తర్వాత, కోడలిని కేకేసి పిలిచింది. "అమ్మాయ్, ఒక సంచి చేర్చానే!"

తర్వాత అది తరచు మొరాయించేది. అత్తగారి కోసం కోడలు స్క్రూలు విప్పింది. మొదట భయపడుతూ, తర్వాత భయపడకుండా. అలా విప్పి బిగించడం వచ్చాకే ఈ దుకాణంలో పని అడిగే ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ ఆట ఒక్కసారీ ఆడలేదు. బాగుచేసి లేచేది, ఆవిడ కూర్చునేది.

పోయిన వారం ఆమె పాడైన కార్డు తీసేసి, ఒక మంచి కార్డు పట్టుకెళ్ళి పెట్టింది. బొమ్మ అద్దంలా వచ్చింది. అత్తగారు కాసేపు చూసి, "మంచు ఏదమ్మా?" అంది.

నిజంగానే మంచు లేదు. తర్వాతి కాలపు కార్డులు ఆ పాత ఆటలోని మంచును గీయలేవు. ప్రతి కొండా, ప్రతి చెట్టూ బట్టబయలుగా నిలబడి ఉన్నాయి.

"కొండలన్నీ బాగా కనిపిస్తున్నాయిగా అత్తయ్యా!"

"అన్నీ ముందే కనిపిస్తే ఇంక నేను చేసేదేముంది?" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

అందుకే ఈ రోజు అటకమీది డబ్బా దింపించి, అందులోని అసలు పాత కార్డులు ఒక్కొక్కటే చూస్తోంది. ఒకదానికి కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. ఇంకొకటి పెడితే తెరంతా గళ్ళ లుంగీ ఆరేసినట్టు వచ్చింది. మెమరీ చిప్పు పోయిందన్నమాట. పొద్దున్నుంచి రుద్దుతున్న ఈ చివరిది మాత్రం వెలిగింది. దుకాణంలో అదే ఆట పెట్టి చూసింది. బూడిదరంగు మంచు మెల్లగా కదులుతూ లోయలోకి దిగింది.

అయినా గండం గడవలేదు. ఇంట్లో ఉన్న మదర్‌బోర్డు తక్కువ వోల్టేజి కార్డులకే సరిపోతుంది. ఎక్కువ వోల్టేజి అడిగే మరీ పాతవి పెడితే కార్డుతోపాటు బోర్డు కూడా మాడిపోతుంది. దుకాణంలోని బోర్డు రెండు రకాలనూ భరిస్తుంది కాబట్టి, ఇక్కడ వెలగడం అక్కడికి హామీ కాదు. ఈ కార్డు అంచుకు రెండు గాట్లున్నాయి. అంటే ఎందులోనైనా పడుతుందని అర్థం. కానీ ఆ కాలంలో కొందరు తయారీదారులు పట్టినా పట్టకపోయినా రెండు గాట్లూ కోసేసేవారని ఆమెకు తెలుసు. మీటరు ముళ్ళు పెట్టి చూసింది. మీటరు కూసింది. తక్కువ వోల్టేజి కార్డే అంటోంది. ముళ్ళు తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ కూసింది. తొందరలో ఉన్నప్పుడు చెవులు కూడా తమకు కావలసిందే వింటాయేమోనని అనుమానం వచ్చింది.

"సార్, ఇది చూస్తారా?" అంది గుమ్మంలోకొచ్చిన యజమానితో.

ఆయన కళ్ళజోడు పైకి తోసి కార్డును అటూ ఇటూ తిప్పాడు. "నన్నడిగితే పెట్టొద్దంటాను. బోర్డు పోతే ఆ రకం మళ్ళీ దొరకదు. ఇంకో వారం ఆగితే వేరే సరుకొస్తుంది."

"వారం లేదు సార్."

ఆయన కార్డును కవరులో పెట్టి ఆమె చేతికిచ్చాడు. "అయితే ఇప్పుడే బయల్దేరు" అన్నాడు.

బస్సులో కార్డును ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ పైన కప్పుకుని కూర్చుంది. బస్సు కుదిపిన ప్రతిసారీ ఏదో చిన్న భాగం ఊడిందనిపించింది. కవరు విప్పి చూడాలనిపించింది, చూడలేదు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా పక్కనున్న ప్రతి కారులోకీ ఆడపడుచు ఉందేమోనని తొంగిచూసింది.

ఇల్లు చేరేసరికి అత్తగారు వరండాలో తల దువ్వుకుంటోంది. జుట్టు సగం తెలుపు, సగం పాత రంగు.

"అప్పుడే వచ్చేశావేం?"

"రండి అత్తయ్యా, లోపలికి రండి" అని చెప్పులు విడవకుండానే గదిలోకి పరిగెత్తింది.

పెట్టె పక్కరేకు తీసి, కార్డును గాడిలో కూర్చోబెట్టి, బొటనవేళ్ళతో నొక్కింది. మీట నొక్కే ముందు చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది. నొక్కింది.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఒక పొడుగు కూత, వెంటనే పొట్టి కూతలు, కార్డు అందలేదని కంప్యూటరు చెప్పే గుర్తు. ఆమె చటుక్కున ప్లగ్గు పీకేసింది. ముక్కు లోపలికి పెట్టి వాసన చూసింది. చెమట తప్ప ఏ వాసనా తెలియలేదు. కార్డు తీసి, చీరకొంగుతో చేతులు తుడుచుకుని, ఈసారి మెల్లగా, మూలలు సమంగా దిగేలా కూర్చోబెట్టింది. ఒక మూల ఇందాక సరిగా దిగలేదని అప్పుడు తెలిసింది.

మళ్ళీ నొక్కింది. ఒకే ఒక్క పొట్టి కూత. తెరమీద తెల్లటి అక్షరాలు.

డ్రైవరెక్కించి, ఆట తెరిచి, ఆమె లేచింది. అత్తగారు కూర్చుంది. ఆడేటప్పుడు పాదాలు నేలకు తగలాలి ఆవిడకు. ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులను బల్ల కిందికి విదిల్చేసింది. విమానం లేచింది. ముందు ఏమీ లేదు, మంచు తప్ప.

"ఇదీ!" అంది అత్తగారు.

కోడలు పక్కన నేలమీద కూర్చుని, తెరిచి ఉన్న పెట్టెలోకి విసనకర్రతో విసురుతోంది. కార్డు వేడెక్కి మధ్యలో ఆగిపోతుందేమోనని భయం. కాసేపటికి అంది. "బాగైపోయింది కదా అత్తయ్యా. ఇంక వెళ్ళడమెందుకు?"

"ఇది పాడైందని వెళ్తున్నాననుకున్నావా?" ఆవిడ తెరమీంచి చూపు తిప్పలేదు. విమానం ఎడమకు ఒరిగింది. "వాడు చేసిన పనికి నిన్ను ఒంటరిగా వదిలేస్తే నా మొహం నేనే చూసుకోలేననుకున్నానమ్మా. అందుకని ఉండిపోయాను. నువ్వు నిలదొక్కుకుని ఎన్నో ఏళ్ళయింది. నేనే గమనించలేదు."

విసనకర్ర ఆగింది.

"నాకోసం ఉన్నారా మీరు?"

"మరి?"

"మా అన్నయ్య ఎన్నిసార్లు రమ్మన్నాడో తెలుసా? మీరు ఒక్కరే అయిపోతారని నేను..."

అత్తగారు ఒక్క క్షణం ఆమె వైపు తిరిగింది. మంచులోంచి కొండ ఒకటి ముంచుకొచ్చింది. ఆవిడ గబుక్కున తల తిప్పి విమానాన్ని పైకి లేపింది. "బాగుంది. ఇద్దరం ఒకరికొకరం కాపలా కాశామన్నమాట" అని నవ్వింది. నవ్వు సగంలోనే తడిసిపోయింది.

"నాతో విసుగొచ్చిందా?"

"పిచ్చిదానా! కూతురి దగ్గర ఉండాలని ఉంది, అంతే. ఎప్పట్నుంచో ఉంది. విసురు, విసురు. ఆపకు."

ఆమె విసిరింది. విమానం లోయలోకి దిగింది. సంచి పడింది. కింద ఎక్కడో చిన్న దీపం వెలిగింది.

బయట కారు హారన్ మోగింది. ఆడపడుచు గుమ్మంలోంచే, "వదినా, అమ్మ సర్దుకుందా?" అంది. సర్దడం ఎప్పుడో అయిపోయింది. మంచం పక్కన సంచి, జిప్పు వేసి, పైన శాలువా మడిచిపెట్టి ఉంది. ఇన్నిరోజులూ ఆ గదిలోకి వెళ్తూ వస్తూ ఆమె దాన్ని చూడనే లేదు.

కారెక్కేముందు అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, వేళ్ళ కొసల నల్లటి మురికిని తన బొటనవేలితో రుద్దింది. అది పోలేదు. "తిను వేళకి" అంది. ఆడపడుచు, "వచ్చేనెల నువ్వూ రా వదినా" అంది. కారు సందు మలుపు తిరిగింది.

ఆమె లోపలికొచ్చింది. విమానం గడ్డిమైదానంలో ఆగి, తర్వాతి సంచి కోసం ఎదురుచూస్తోంది. కార్డు మీద వేలు పెట్టి చూసింది. బాగా వేడిగా ఉంది. ఆట మూసి, కంప్యూటరు ఆపింది. ఫ్యాను చప్పుడు నెమ్మదించి ఆగిపోయాక, ప్లగ్గు తీయడానికి వంగింది.

బల్ల కింద అత్తగారి రబ్బరు చెప్పులు, ఒకటి గోడకానుకుని, రెండోది బోర్లా పడి ఉన్నాయి.